రాత్రి పండ్లు తినేవాళ్ల కోసం హైదరాబాద్‌లో

పండ్లు తినే గబ్బిలాల్ని దగ్గరగా చూడాలంటే నెహ్రూ జూ పార్కులోని నిశాచర జంతుశాలే సులువు. 1963లో తెరిచిన ఈ జూకి సోమవారం సెలవు. మెట్రో అక్కడిదాకా లేదు, ఆర్టీసీ బస్సో ఆటోనో చూసుకోవాలి. లోపల లైట్లతో పగటిని రాత్రి చేస్తారు కాబట్టి నిశాచర జీవులు మెలకువగా ఉంటాయి. ఆదివారం వెళ్లకండి, జనం ఫోన్ లైట్లతో విసిగిస్తారు.

జువాలజీ చదివే మా మేనల్లుడు అక్కడే అందుకున్నాడు. దక్షిణ అమెరికా అడవుల్లో గబ్బిలాలతో పాటు ఒపోసమ్‌లూ రాత్రిళ్లు పండ్ల మీద పడతాయట. కంగారూ లాగే ఇవీ సంచిజీవులు, కొన్ని తోకతో కొమ్మ పట్టుకుని పాకుతాయి. సిక్రోపియా అనే చెట్టు పండ్లు, మన మిరియాల తీగకు చుట్టాలైన పైపర్ మొక్కల పండ్లు రెండు జీవులకూ ఇష్టమే.

"మరి కొట్టుకోవా?" అన్నాను.

"ఒకటి కొమ్మ వెంట నడిచొస్తుంది, ఇంకొకటి ఎగిరొచ్చి కరుచుకుపోతుంది. కొట్టుకునే తీరికెక్కడిది మామయ్యా!"

గబ్బిలం ఎగురుతూనే రెట్ట వేస్తుంది. అందుకే గింజలు చెట్లు పోయిన ఖాళీ నేల మీదా పడతాయి, సిక్రోపియా ముందుగా మొలిచేది అలాంటి చోటే. ఒపోసమ్ కడుపులోంచి వచ్చిన గింజలూ మొలుస్తాయి కానీ, దానికి రెక్కల్లేవు కదా. మన దగ్గర ఒపోసమ్‌లు లేవు. మర్రిపండ్ల దగ్గర గబ్బిలాలకు తోడు మానుపిల్లి.

గోల్కొండకు కోట కోసం వెళ్లండి, పండ్లు తినే గబ్బిలాల కోసం వద్దు. అక్కడి చీకటి గదుల్లో వేలాడేవి ఎక్కువగా పురుగులు తినే రకాలు. కేబీఆర్ పార్కులో నడక హాయిగా ఉంది, కానీ గబ్బిలాలు లేచే వేళకు గేటు మూసేస్తారు.

అసలు లాభం మేం దిగిన లాడ్జిలో దక్కింది. గీజర్ పనిచేయదు, రూమ్ సర్వీస్ పిలిచినా రాదు. వెనక సందులో మాత్రం సింగపూర్ చెర్రీ చెట్టుంది. దాని పుట్టిల్లూ అమెరికా ఖండమే, అక్కడా గబ్బిలాలు దాని గింజలు చల్లుతాయి. చీకటి పడ్డాక చిన్న గబ్బిలాలు ఒక్కో పండు తెంపుకుని, వేరే కొమ్మకు పోయి తిన్నాయి. డాబా మీద కూర్చుంటే టికెట్ కూడా అక్కర్లేదు. ఆ చెట్టు దాదాపు ఏడాదంతా కాస్తుంది కాబట్టి సీజన్ టెన్షన్ లేదు. దోమల మందు మాత్రం మీరే తెచ్చుకోండి, లాడ్జివాళ్లు ఇవ్వరు.