కత్తిరి ఎండల్లో గాలం: పాపర్ మేలా, రబ్బరు చేప మేలా?

తిరుపతి నుంచి తూపిలిపాళెం బీచి సుమారు వంద కిలోమీటర్లు. రాత్రి రెండున్నరకు బండి తీస్తే, నాయుడుపేటలో ఒక టీ తాగి, వాకాడు దాటి ఇసుకలో కాలు పెట్టేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. ఇంత కష్టం ఎందుకంటే, మే నెలాఖరులో పొద్దున తొమ్మిది దాటాక అక్కడ నిలబడటం మనిషి వల్లా కాదు, చేప వల్లా కాదు. శ్రీకాళహస్తి వంతెన మీంచి చూస్తే ఉత్త ఇసుకగా కనిపించే స్వర్ణముఖి, వాకాడు దాటాకే సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటు, అంటే మొగ దగ్గర ఉప్పు నీళ్లలో పండుగప్ప చేప తిరుగుతుంది. మా బాధంతా దాని కోసమే.

నాతో వచ్చే బావమరిది పాపర్ మనిషి. నేను రబ్బరు చేప పక్షం. రెండూ ఎర బదులు దారానికి కట్టే బొమ్మలే. మూడేళ్లుగా ఈ గొడవ తెగలేదు.

పాపర్ అంటే మూతి దగ్గర గుంట ఉన్న చిన్న ప్లాస్టిక్ చేప. నీళ్ల మీద తేలుతుంది. రాడ్‌ను ఒక్క గుంజు గుంజితే 'బుడుక్' మని నీళ్లు చిమ్ముతుంది. చిన్న చేప బెదిరి పారిపోతున్నట్టు అనిపించి కింద ఉన్నది పైకి దూకుతుంది. ఆ దూకుడు చూడటానికే బావమరిది వంద కిలోమీటర్లు వస్తాడు. తెల్లారే వేళ గాలి పడమటి నుంచి, అంటే మన వీపు వైపు నుంచి వీస్తుంది. అల అణిగి ఉంటుంది, విసిరింది దూరం పోతుంది. అయిదుంబావు నుంచి ఆరున్నర దాకా పాపర్‌కు తిరుగులేదని నేనూ ఒప్పుకుంటాను.

ఆ తర్వాతే దాని బండారం బయటపడుతుంది. పొద్దెక్కితే పైనీళ్లు వేడెక్కుతాయి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. మంచినీళ్లలోనే 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు ఉండేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. ఉప్పు నీళ్లలో ఇంకా తక్కువ. చేప లోతుకు, నీడకు, నీళ్లు కదిలే చోటికి జరుగుతుంది. పైన ఎంత బుడుక్కుమనిపించినా దానికి లేచే ఓపిక ఉండదు. మనకు మాత్రం భుజం లాగేస్తుంది. పైగా పాపర్‌కు మూడేసి ముళ్ల గాలాలు రెండు ఉంటాయి. నాచు తగులుకుంటే ప్రతిసారీ తీసుకుంటూ కూర్చోవాలి.

రబ్బరు చేప చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నాలుగంగుళాల మెత్తటి బొమ్మ, వెడల్పు తోక, తలలో సీసం గుండు ఉన్న ఒక్క గాలం (జిగ్ హెడ్ అంటారు). పది పదిహేను గ్రాముల గుండు చాలు. విసిరి, అడుగు తగిలేదాకా ఆగాలి. దారం వదులవగానే రెండు చుట్లు చుట్టి మళ్లీ దిగనివ్వాలి. దిగేటప్పుడే ఎక్కువగా పట్టుకుంటుంది. 'టిక్' మని వేలికి తెలుస్తుంది, పీత గీరిందేమో అనుకుంటాం, తీరా చూస్తే రాడ్ వంగిపోయి ఉంటుంది. చేప లోతులో బద్ధకంగా ఉన్నప్పుడు దాని ముక్కు ముందుకు మెల్లగా వెళ్లేది ఇదొక్కటే. పైగా ఒక పాపర్ డబ్బుకు ఇవి ఒక పాకెట్ వస్తాయి.

దీనికీ దరిద్రాలు లేకపోలేదు. పొట్ట బెలూన్‌లా ఉబ్బించుకునే చేప ఒకటుంది, తోకను కత్తెర పెట్టినట్టు కొరికేస్తుంది. ఇక ఎండ సంగతి నాకు అనుభవమే. పోయిన వేసవిలో పెట్టెను కారు డిక్కీలో మరిచిపోయి వారం తర్వాత తెరిస్తే, రెండు రకాల రబ్బరు చేపలు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, పక్కనున్న పాపర్ రంగును కూడా ఊడదీశాయి. జిలేబీ పాకంలో చెయ్యి పెట్టినట్టయింది. రకరకాల ప్లాస్టిక్‌లు పెట్టెలో ఒకే అరలో వేయకూడదని అప్పుడు తెలిసింది. ఏ పాకెట్‌లోవి ఆ పాకెట్‌లోనే ఉంచి, ఇంట్లో నీడన పెట్టండి.

లోహపు స్పూన్, అంటే చెంచా ఆకారంలో మెరిసే రేకు ఎర గురించి అడుగుతారు. పార చేపల గుంపు కనిపిస్తే వేయండి, లేకపోతే వద్దు. దాన్ని గబగబా చుట్టాలి, ఈ ఎండలో అంత సత్తువ ఎవరికుంది?

పొద్దునా, సాయంత్రమా అంటే బీచి మీద పొద్దునే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది, అల లేస్తుంది, నీళ్లు బురదవుతాయి, విసిరిన బొమ్మ మొహాన కొడుతుంది. సాయంత్రం వెళ్లక తప్పదంటే మొగ లోపలి వైపు నిలబడండి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో, పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం మొదలైన గంట మంచిది. వెనక్కిపోయే నీళ్లతో రొయ్యలు, చిన్న చేపలు బయటికి కొట్టుకొస్తాయి, పెద్దది మొగలో కాచుకుని ఉంటుంది. పులికాట్ వైపు మాత్రం గాలం తీసుకుపోకండి, అది పక్షుల అభయారణ్యం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఒడ్డు నెమ్మదిగా ఉంటుంది. వల బాగుచేసుకుంటూ కూర్చున్న ఒక పెద్దాయన మా ఇద్దరి పెట్టెలూ తిరగేసి నవ్వాడు.

"బొమ్మలేంది నాయనా, బతికిన రొయ్య గుచ్చు."

నిజమే, బతికిన రొయ్య ముందు రెండూ దిగదుడుపే. కానీ ఆ ఎండకు బకెట్‌లో రొయ్య అరగంట బతకదు. ఆ మాట ఆయనతో అంటే, "అందుకే మేము పొద్దుగాలే ఇంటికి పోతాం" అన్నాడు.

పండుగప్ప పడితే దవడ దగ్గర పట్టుకోండి, మొప్ప రేకు బ్లేడులా కోస్తుంది. ఇవి మగవిగా మొదలై పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. అంటే బాగా పెద్దది పడితే అది గుడ్లు పెట్టే తల్లి, వదిలేయండి. ఒంటి గాలం కాబట్టి రబ్బరు చేప అయితే క్షణంలో ఊడుతుంది. పాపర్ ముళ్లు ఊడదీసేలోపు వేడి నీళ్లకు అది సగం చచ్చిపోతుంది. పోయిన నెల బావమరిదికి అలాగే జరిగింది. పావుగంట నీళ్లలో పట్టుకుని ఊపినా ఈదలేదు. ఇంటికి తెచ్చి పులుసు పెడితే, సంగటి ముద్ద ముందు పెట్టుకుని మాట్లాడకుండా తిన్నాడు. మర్నాడు ఫోన్ చేసి, "నీ దగ్గర ఆ జిగ్ హెడ్లు రెండుంటే ఇయ్యి బావా" అన్నాడు.