షుగర్ గీతను గుడ్డ మీదికి తెచ్చే ఇంక్‌స్టిచ్: చాలాకాలం వాడాక నా మాట

టైప్ 1 డయాబెటిస్ ఉండి, షుగర్‌ను అదేపనిగా కొలిచే సెన్సార్ వాడేవాళ్ల ఫోన్‌లో ఎప్పుడూ ఒక గీత కదులుతూ ఉంటుంది. నా చేతికున్న సెన్సార్ 5 నిమిషాలకోసారి రీడింగ్ పంపుతుంది, అంటే రోజుకు 288. డాక్టర్ ముందు కూర్చునేసరికి అవన్నీ కలిసి ఒక సగటు అంకె అయిపోతాయి. నాకు ఆ సగటు కాదు, ఒక్కో రోజూ విడిగా చేతికి తగలాలనిపించింది. అందుకే ఇంక్‌స్టిచ్ పట్టుకున్నాను. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో కలిసి పనిచేసే ఉచిత, ఓపెన్ సోర్స్ ఎక్స్‌టెన్షన్ ఇది. గీసిన బొమ్మను ఎంబ్రాయిడరీ మెషిన్ చదవగలిగే ఫైల్‌గా మారుస్తుంది. విండోస్, మాక్, లినక్స్ దేంట్లోనైనా నడుస్తుంది.

సెన్సార్ యాప్ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైల్‌ను (రీడింగుల పట్టిక) ఒక చిన్న పైథాన్ కోడ్ ఎస్‌వీజీ గీతగా, అంటే ఇంక్‌స్కేప్ తెరవగల బొమ్మగా మారుస్తుంది. అక్కడి నుంచి పని ఇంక్‌స్టిచ్‌ది. మామూలు రన్నింగ్ స్టిచ్ పెడితే కుట్లు ఎక్కడ పడాలో అదే సర్దుకుంటుంది, పువ్వులకీ తీగలకీ అది చాలు. నాలాంటి పనికి మాత్రం మాన్యువల్ స్టిచ్ వాడాలి. అందులో గీత మీద ఎక్కడ బిందువు ఉంటే సరిగ్గా అక్కడే సూది దిగుతుంది. ఒక రీడింగ్‌కు ఒక సూదిపోటు. ఈ ఒక్క సదుపాయం కోసమే ఇంతకాలం దీన్ని వదల్లేదు.

అసలు పేచీ గుడ్డతో. 10 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో 288 రీడింగులు పట్టాలంటే పోటుకీ పోటుకీ మధ్య అడ్డంగా 0.35 మిల్లీమీటర్లే మిగులుతుంది. అంత దగ్గరగా కుడితే దారం తెగుతుంది, లేదంటే గుడ్డకు చిల్లు పడుతుంది. విచిత్రం ఏమిటంటే, చిల్లు పడేది షుగర్ బాగున్న చోటే! గీత సమంగా సాగితే పోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పడతాయి. నిట్టనిలువుగా ఎక్కి దిగే చోట ఎడం దానంతట అదే పెరుగుతుంది. నిశ్చింతగా నిద్రపోయిన రాత్రులు గుడ్డను చింపేస్తాయన్నమాట.

కాబట్టి కొన్ని రీడింగులు వదిలేయాలి. ఏవి వదలాలన్నదే ఈ పనిలో కళ అని నా అభిప్రాయం. గంటకో సగటు తీస్తే కుట్టడం సులువే, కానీ 54కు పడి ఇరవై నిమిషాల్లో తేరుకున్న షుగర్ అందులో మామూలు గంటలా కనిపించవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ అన్నీ మాయం. నేను పావుగంటకొకటి చొప్పున 96 బిందువులు ఉంచుకుంటాను. ఆ పావుగంటలో 70 (షుగర్ మరీ తక్కువ అనే హద్దు) కిందికి వెళ్లినది ఏదైనా ఉంటే అన్నింటికంటే తక్కువ దాన్నే తీసుకుంటాను. ఇలాంటి నిర్ణయాలను ఇంక్‌స్టిచ్ నాకే వదిలేస్తుంది, నాకు నచ్చేదీ అదే.

40 కిందికి వెళ్తే నా సెన్సార్ అంకె ఇవ్వదు, ఫైల్‌లో ఉత్త 'లో' (తక్కువ) అని రాసి ఊరుకుంటుంది. లేని అంకెను కుట్టేదెలా? ఇంక్‌స్టిచ్‌లో స్టాప్ కమాండ్ ఉంది. అక్కడికి రాగానే మెషిన్ ఆగుతుంది. ఆ జాగాలో నేను చేత్తో ముడికుట్లు వేసి, మళ్లీ మెషిన్ నడిపిస్తాను. చేతి కుట్టు కాస్త వంకరగానే వస్తుంది, రానివ్వండి.

ఇంకో రకం రాత్రులున్నాయి. సెన్సార్ మీద ఒత్తిగిలి పడుకుంటే చర్మం కింద ఒత్తిడి పడి రీడింగ్ తప్పుగా కిందికి పోతుంది. అలారం మోగుతుంది, వేలు పొడిచి చూస్తే షుగర్ శుభ్రంగా ఉంటుంది. అలారం నిజం, చెడిన నిద్ర నిజం, పడిపోయిన షుగర్ మాత్రం అబద్ధం. వీటిని గుడ్డ రంగు దారంతోనే కుడతాను. ఏటవాలు వెలుతురులో పెడితేనే కనిపిస్తాయి.

షుగర్ ఎక్కువై 180 దాటిన భాగాలకు శాటిన్ కుట్టు వాడతాను, అక్కడ గీత ఉబ్బెత్తుగా, బరువుగా వస్తుంది. ఇది నేర్చుకోవడానికి ఓపిక కావాలి. రెండు అంచు గీతలు, వాటిని కలిపే అడ్డగీతలు గీయాలి, లేకపోతే కుట్టు దిశ మనం అనుకున్నట్టు రాదు. పైగా శాటిన్ గుడ్డను లోపలికి లాగుతుంది. పుల్ కాంపెన్సేషన్ (ఆ లాగుడుకు సరిపడా కుట్టును వెడల్పు చేసే సెట్టింగ్) కొంచెం పెంచి, గుడ్డ కింద కట్‌అవే స్టెబిలైజర్ (కుట్టాక అంచులు కత్తిరించే ఆసరా పొర) వేస్తే ముడతలు తగ్గుతాయి. కుట్టే ముందు సిమ్యులేటర్ తప్పకుండా చూడండి. కుట్లు ఏ వరుసలో పడతాయో, దారం ఎక్కడ గెంతుతుందో అందులో తెలిసిపోతుంది. గుడ్డ ఎంత లాగుతుందో మాత్రం తెలియదు, దానికి పాత ముక్క మీద కుట్టి చూడాల్సిందే.

బొమ్మలు తయారుగా కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. మెనూలు చాలా ఉన్నాయి, ఇంక్‌స్కేప్ రానివాళ్లు ముందు అది నేర్చుకోవాలి. తమ జబ్బు లెక్కలు తామే చూసుకునే అలవాటున్నవాళ్లకు మాత్రం ధైర్యంగా చెబుతాను, వాడండి. మీ మెషిన్ డీఎస్‌టీ అనే రకం ఎంబ్రాయిడరీ ఫైళ్లే తీసుకునేదైతే ఒక జాగ్రత్త: అందులో దారం రంగులు నమోదు కావు. అసలు ఎస్‌వీజీని తేదీ పేరుతో విడిగా దాచుకోండి. లేకపోతే ఏ 'లో' నిజమో, ఏది సెన్సార్ అబద్ధమో ఫైల్ చూసి చెప్పలేరు.