మోదుగా, బాడిదా, బూరుగా? ఐనాచురలిస్ట్ యాప్ ఎంతవరకు చెప్పగలదు

ఫాల్గుణం వచ్చేసరికి మన అడవుల్లో ఆకు రాలిన కొమ్మల నిండా ఎర్రపూలు విరగబూస్తాయి. దూరం నుంచి మోదుగ, బాడిద, బూరుగ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీయడానికి ఐనాచురలిస్ట్ బాగా పనికొస్తుంది, ఫొటోలు సరిగ్గా తీస్తేనే.

యాప్ ఉచితం, ప్రకటనల గోల లేదు. ఫొటో ఎక్కించగానే పోలిక ఉన్న జాతుల పేర్లు చూపిస్తుంది. ఆ తర్వాత మొక్కలు తెలిసినవాళ్ళు చూసి ఔననో కాదనో చెబుతారు. కనీసం ఇద్దరు, మొత్తమ్మీద మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి అంటే ఆ నమోదుకు ‘రీసెర్చ్ గ్రేడ్’ (పరిశోధనకు పనికొచ్చే స్థాయి) వస్తుంది. అసలు విలువ ఈ రెండో దశదే. యాప్‌లోని యంత్రం తనంతట తాను ఇచ్చిన మొదటి పేరును తీర్పుగా తీసుకోకండి.

యంత్రం ఒకసారికి ఒక్క ఫొటోనే పరిశీలిస్తుంది. కాబట్టి రోడ్డు మీద నుంచి తీసిన ఎర్రటి చెట్టు ఫొటో మొదట పెడితే ఏ పేరైనా రావచ్చు. పువ్వును పక్కనుంచి, దగ్గరగా తీసింది ముందు పెట్టండి. మోదుగ పువ్వు కాషాయం కలిసిన ఎరుపు, రేకుల మీద వెండిరంగు నూగు, కింది రేకులు చిలక ముక్కులా వంగి ఉంటాయి. తొడిమ దగ్గరి గిన్నె ముదురు గోధుమ, దాదాపు నలుపు, ముట్టుకుంటే మఖమల్‌లా మెత్తన. ఈ గిన్నె స్పష్టంగా పడిందంటే సగం పని అయిపోయినట్టే. బాడిదలో ఒక్క పైరేకే పొడవు, మిగతావి చాలా చిన్నవి, కేసరాలు బయటికి పొడుచుకొస్తాయి, గిన్నె ఒక పక్క నిలువునా చీలుతుంది. బూరుగను పోల్చుకోవడం తేలిక: మందపాటి ఐదు రేకులు, మధ్యలో గుత్తులుగా బోలెడు కేసరాలు.

రెండో ఫొటో బెరడుది. బాడిదకూ లేత బూరుగకూ ముళ్ళుంటాయి, మోదుగకు ఉండవు. కానీ ముదిరిన బూరుగ మానుకు కింది భాగంలో ముళ్ళు రాలిపోతాయి, అందుకే పై కొమ్మలు కూడా తీయాలి. మూడోది ఆకు. చెట్టు మీద లేకపోతే కింద వెతకండి, అయితే పక్కచెట్టు ఆకు కలిసిపోయే ప్రమాదం ఉంది. మోదుగకూ బాడిదకూ ఒక్కో కాడకు మూడేసి ఆకులే కాబట్టి ఆకు ఒక్కటే చాలదు. బూరుగకు మాత్రం ఐదు నుంచి ఏడు, వేళ్ళు చాపిన అరచేతిలా. కాయ దొరికితే ఇక సందేహం ఉండదు: మోదుగ కాయ పలచగా, కొసన ఒకే గింజతో ఉంటుంది. బాడిద కాయ గింజ గింజకూ మధ్య నొక్కుకుపోతుంది.

తెలుగు పేర్లు అన్ని మొక్కలకూ లేవు, ఇదొక్కటే పెద్ద లోటు. శాస్త్రీయ నామంతో వెతకడం అలవాటు చేసుకోవాలి (మోదుగ అంటే బ్యూటియా మోనోస్పెర్మా).

అడవిలో సిగ్నల్ లేకపోయినా ఫోన్ లొకేషన్ ఆన్ చేసి కెమెరాతో తీసి, ఊరికొచ్చాక ఎక్కించవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో మాత్రం లొకేషన్ ఉండదు, నాణ్యతా పోతుంది. అసలు ఫైలే వాడండి. పార్కులో నాటిన చెట్టయితే ‘కల్టివేటెడ్’ అని తప్పకుండా గుర్తు పెట్టండి, లేకపోతే అడవి చెట్ల లెక్కలో కలిసిపోతుంది.