పై రెప్పలు, కింది రెప్పలు: శస్త్రచికిత్స అయిన నాలుగేళ్లకు నా సమీక్ష

నాకు 54వ ఏట రెండు కళ్ళకూ పై రెప్పలు, కింది రెప్పలు కలిపి ఒకే పూట శస్త్రచికిత్స జరిగింది. రెప్పల్లో వదులైన చర్మాన్ని, ఉబ్బిన కొవ్వును తీసే ఈ శస్త్రచికిత్సను వైద్యులు బ్లెఫరోప్లాస్టీ అంటారు. ఇప్పటికి నాలుగేళ్ల రెండు నెలలు గడిచాయి. పై రెప్పల విషయంలో నేను పూర్తి సంతృప్తితో ఉన్నాను. కింది రెప్పల విషయంలో తొందరపడ్డానన్న సంగతి మాత్రం రాత్రి పడుకునే ముందు కంట్లో లేపనం పెట్టుకుంటున్నప్పుడల్లా గుర్తుకొస్తుంది. ఒకే పేరుతో పిలిచే ఈ రెండూ నిజానికి రెండు వేర్వేరు ఆపరేషన్లని, రెండింటికీ విడివిడిగా ఆలోచించి ఒప్పుకోవాలని నాకు ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నేను గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధించేదాన్ని. మా నాన్నగారి పోలిక వల్ల కావచ్చు, నలభై ఐదు దాటినప్పటి నుంచి పై రెప్పల చర్మం వదులై, బయటి కనుకొలకు వైపు వెంట్రుకల మీదకు వాలడం మొదలైంది. కాటుక పెట్టుకుంటే పది నిమిషాల్లో పై మడతకు అంటుకునేది. ఎండాకాలంలో ఆ మడత లోపల చెమట నిలిచి, చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడేది. బోర్డు మీది అంకెలు చూడటానికి తెలియకుండానే నుదురు పైకి లాగి పట్టుకోవడం అలవాటైపోయి, సాయంత్రానికి కణతలు బరువెక్కి నొప్పి పుట్టేది. స్కూటర్ నడుపుతున్నప్పుడు పక్క నుంచి వచ్చే వాహనం ఆలస్యంగా కనిపిస్తోందని గ్రహించిన రోజున, ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని నిశ్చయించుకుని హైదరాబాదు వెళ్లాను.

అక్కడ నేర్చుకున్న మొదటి విషయం, కన్ను సగం మూసుకుపోయినట్టు కనిపించడానికి కారణం ఒక్కటే కాదని. చర్మం వదులై కిందికి వాలడం ఒకటి. రెప్పను పైకెత్తే కండరం బలహీనపడి రెప్ప అంచే కిందికి జారడం మరొకటి. ఈ రెండో సమస్య ఉన్నవారికి చర్మం కత్తిరించినంత మాత్రాన కన్ను తెరుచుకోదు, ఆ కండరాన్ని బిగించాల్సిందే. మూడోది కనుబొమ్మ కిందికి దిగడం. వైద్యుడు నా కనుబొమ్మను వేలితో దాని సహజ స్థానానికి ఎత్తి పట్టుకుని, అప్పటికీ మిగిలిన మడత ఎంత ఉందో చూసి, ఆ మిగిలినదే రెప్ప చర్మమని వివరించారు. ఈ పరీక్ష చేయకుండా కోతకు సిద్ధపడే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కనుబొమ్మ వల్ల వచ్చిన వాలుకు రెప్ప చర్మాన్ని ఎక్కువగా తీసేస్తే ఆ తర్వాత కన్ను పూర్తిగా మూతపడదు.

కింది రెప్పల ప్రస్తావన నేను తీసుకురాలేదు. "ఎలాగూ మత్తు ఇస్తున్నాం కదా మేడమ్, కింద ఉన్న సంచులు కూడా తీసేస్తే ముఖం ఒకేలా ఉంటుంది, ఖర్చు కూడా కలిసొస్తుంది" అన్నారు. అద్దం చేతికిచ్చి చూపించారు. అంతవరకూ నన్ను ఇబ్బంది పెట్టని ఆ ఉబ్బులు ఆ క్షణం నుంచి నాకు పెద్దవిగా కనిపించాయి. ఇంటికి వెళ్లి ఒక వారం ఆలోచించుకుని చెబుతానని అనవలసింది పోయి, అక్కడికక్కడే సరేనన్నాను.

ఖర్చు గురించి క్లుప్తంగా చెబుతాను. సౌందర్యం కోసం చేసే శస్త్రచికిత్సలకు మన దేశంలో మామూలు వైద్యానికి ఉండే పన్ను మినహాయింపు లేదు, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆరోగ్య బీమా సాధారణంగా దీన్ని భరించదు. వాలిన చర్మం చూపుకు అడ్డమొస్తోందని ముందే నిరూపించదలచుకుంటే, రెప్పను మామూలుగా వదిలేసి ఒకసారి, పట్టీతో పైకి అంటించి మరొకసారి దృష్టి క్షేత్ర పరీక్ష (కన్ను చుట్టుపక్కల ఎంత మేర చూడగలదో కొలిచే పరీక్ష) చేయించి, ఆ కాగితాలు భద్రపరచుకోవాలి. నేను ఆ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి బీమావారిని అడిగే ఆధారమే నా దగ్గర లేకుండా పోయింది.

ఆపరేషన్ రోజున అతి ముఖ్యమైన పని బల్ల మీదికి వెళ్లకముందే జరిగింది. నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, సన్నటి కలంతో రెప్పల మీద గీతలు గీశారు. పడుకుంటే చర్మం పక్కకు జారి కొలత మారిపోతుందట. చిన్న పట్టుకారుతో మడతను మెల్లగా పట్టి, రెప్ప వెంట్రుకలు పైకి తిరగడం మొదలయ్యే చోట ఆగి, అక్కడ చుక్క పెట్టారు. ఆ కొలతలకే పావుగంట పట్టింది. తర్వాత రెప్పకు మత్తు సూది ఇచ్చారు. మొత్తం మీద నిజంగా నొప్పి అనిపించింది ఆ సూది మందు లోపలికి వెళ్లేటప్పటి మంటే, అదీ అర నిమిషం. ఆ పైన కోత తెలియలేదు. రక్తనాళాలను కాల్చి మూసేటప్పుడు వెంట్రుక కాలిన వాసన వచ్చింది, కొవ్వును కదిలించినప్పుడు కంటి వెనుక నుంచి ఎవరో దారం లాగినట్టు అనిపించింది. మధ్యలో "కళ్ళు తెరవండి, మూయండి" అని చెబుతూ రెండు వైపులా సరిచూసుకున్నారు. నాలుగు రెప్పలకూ కలిపి రెండు గంటల పైనే అయింది.

మొదటి రెండు రోజులు ఇంట్లో ఒక మనిషి తోడుగా ఉండి తీరాలి. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, రెండు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టి నన్ను పడుకోబెట్టి, మంచుగడ్డల్ని గుడ్డలో చుట్టి అద్దుతూ, గంటకొకసారి "అమ్మా, ఇవి ఎన్ని వేళ్ళు?" అని ఒక్కో కన్ను విడివిడిగా అడిగేది. కంటిగుడ్డు వెనుక రక్తం చేరి చూపు నరాన్ని నొక్కేసే ప్రమాదం చాలా అరుదే అయినా, జరిగితే కొద్ది గంటల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఒక కంట్లో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కన్ను ముందుకు పొడుచుకురావడం, చూపు మసకబారడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లేపనం వల్ల కూడా చూపు మసకగానే ఉంటుంది గనుక, దాన్ని శుభ్రమైన దూదితో తుడిచి మళ్ళీ చూసుకోవాలి. రక్తపోటు అదుపులో ఉండటం, రక్తాన్ని పలచబరిచే మాత్రల సంగతి ముందే చెప్పడం కూడా ఇందుకోసమే. ఆ మాత్రలు మాత్రం రాసిచ్చిన గుండె వైద్యుడిని అడగకుండా సొంతంగా ఆపకూడదు.

కమిలిన నలుపు మొదట రెప్పల మీద, తర్వాత చెక్కిళ్ళ మీదకు దిగి, ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు మారుతూ పద్నాలుగో రోజుకు పోయింది. ఆరో రోజున కుట్లు తీశారు. కుడి కన్ను ఎడమదానికంటే ఎక్కువ వాచింది, దానితో ఇక నా ముఖం ఎప్పటికీ ఇలాగే వంకరగా ఉండిపోతుందేమోనని రెండో వారంలో రెండు రాత్రులు ఏడ్చాను. ఆ దిగులు చాలామందికి వస్తుందని, వాపు రెండు వైపులా ఒకే వేగంతో తగ్గదని ముందే తెలిసి ఉంటే అంత కుంగిపోయేదాన్ని కాదు. వంగి ముగ్గు వేయడం, నీళ్ల బకెట్ ఎత్తడం, తలస్నానం, కాటుక, వంటింట్లో పోపు పొగ, వీటన్నిటికీ చెప్పినన్నాళ్లు దూరంగా ఉన్నాను. రెప్ప అంచు దాదాపు మూడు నెలలు మొద్దుబారి ఉండేది. కాటుక పుల్ల తాకుతున్నా తెలిసేది కాదు, అందువల్ల అద్దం చూడకుండా పెట్టుకునే పాత అలవాటు మానుకోవలసి వచ్చింది. ఇంకొక మాట: రెప్ప బరువు మారినప్పుడు నల్లగుడ్డు వంపు కూడా కొద్దిగా మారవచ్చు కాబట్టి, కొత్త కళ్ళద్దాలు చేయించుకునేవారు రెండు మూడు నెలలు ఆగితే మంచిది.

పై రెప్పల ఫలితం రెండో నెల నుంచి నిలకడగా కనిపించింది. మచ్చ సహజమైన మడతలోనే ఉండటం వల్ల కళ్ళు తెరిచి ఉన్నప్పుడు కనబడదు. బయటి కనుకొలకు దాటి సాగిన అర సెంటీమీటరు ముక్క మాత్రం ఎనిమిది నెలలు గులాబీ రంగులో, కాస్త గట్టిగా చేతికి తగిలేది. నుదుటి నొప్పి పోయింది. నుదుటిని ఎత్తి పట్టుకునే పని లేకపోవడంతో కనుబొమ్మలు కొద్దిగా కిందికి సర్దుకున్నాయి, ఇది కూడా ఊహించి ఉండవలసిన మార్పే. బంధువుల్లో ఎవరూ ఆపరేషన్ అని గుర్తుపట్టలేదు. పెళ్ళిలో కలిసిన మా ఆడపడుచు "వదినా, ఈమధ్య బాగా నిద్రపోతున్నట్టున్నారే" అంది. నేను కోరుకున్నది సరిగ్గా అంతే.

కింది రెప్పల కథ వేరు. వెంట్రుకల కింద బయటి వైపు నుంచి కోత పెట్టి, కొవ్వుతోపాటు కొంత చర్మం కూడా తీశారు. ఉబ్బులు పోయిన మాట నిజం. కానీ మానుతున్న మచ్చ కుడి రెప్పను ఒక మిల్లీమీటరు కిందికి లాగడంతో, నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు సన్నటి గీతలా బయటపడింది. రాత్రి మూడు గంటల వేళ కంట్లో ఇసుక పోసినట్టు మంటతో మెలకువ వచ్చేది. చెప్పిన ప్రకారం వేలితో రెప్పను పైకి నెడుతూ ఆరు నెలలు మర్దన చేశాక సగం సర్దుకుంది, మిగతా సగం అలాగే నిలిచిపోయింది. రెండో ఏడాది మా ఊళ్ళో చూపించుకున్న కంటి వైద్యురాలు సన్నటి కాగితపు పట్టీని కింది రెప్పలో ఐదు నిమిషాలు ఉంచి కన్నీటి తడిని కొలిచారు. పది మిల్లీమీటర్లయినా తడవవలసిన కాగితం నాలుగు దగ్గర ఆగింది. తర్వాత రెప్పను వేలితో కిందికి లాగి వదిలి, అది వెంటనే వెనక్కి వెళ్లకుండా నెమ్మదిగా సర్దుకోవడం చూపించి, "అమ్మా, ఈ రెండు పరీక్షలూ ఆపరేషన్‌కు ముందు చేశారా?" అని అడిగారు. చేయలేదు. వదులైన కింది రెప్పకు బయటి మూలలో బిగింపు కుట్టు వేస్తారని, లేదా చర్మం జోలికి పోకుండా రెప్ప లోపలి పొర నుంచి కొవ్వు మాత్రమే తీసే పద్ధతి ఉందని అప్పుడే నాకు తెలిసింది.

పైగా కంటి కింది నల్లదనం అలాగే ఉంది. అది చర్మపు రంగు, కొవ్వు తీస్తే పోయేది కాదు. నవ్వినప్పుడు కనుకొలకుల దగ్గర పడే గీతలు కూడా ఎక్కడికీ పోలేదు. ఈ రెండూ పోతాయని ఆశించి వెళ్లేవారు ఆ ఆశను ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

నాలుగేళ్ల తర్వాత ఇప్పుడు పై రెప్పల బయటి వైపు చర్మం మళ్ళీ కొద్దిగా వదులవుతోంది, అయినా వెంట్రుకలను తాకడం లేదు. పగలు నాలుగుసార్లు చుక్కల మందు, రాత్రి లేపనం తప్పనిసరి అయ్యాయి. పడకగదిలో ఫ్యాను గాలి నేరుగా ముఖం మీద పడకుండా మంచం జరిపించుకున్నాను. కుడి కింది రెప్పను సరిచేయడానికి మరో ఆపరేషన్ సాధ్యమేనని చెప్పారు గానీ, ఉన్న ఇబ్బంది భరించగలిగినదే కాబట్టి వద్దనుకున్నాను.

మా చెల్లెలికీ నాన్నగారి రెప్పలే వచ్చాయి. పోయిన నెల నన్ను అడిగితే మొదట కన్నీటి పరీక్ష, దృష్టి క్షేత్ర పరీక్ష చేయించమన్నాను. తడి పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. వచ్చే బుధవారం మేమిద్దరం కలిసి నేత్ర ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళుతున్నాం, పై రెప్పల గురించి మాత్రమే మాట్లాడటానికి.