గ్రాంట్ కాటేజీ టూర్: ఆ రెండు కుర్చీల కోసమైనా వెళ్లండి

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఉంటున్న మా అమ్మాయి మమ్మల్ని మౌంట్ మెక్‌గ్రెగర్ అనే కొండ మీదున్న గ్రాంట్ కాటేజీకి తీసుకెళ్లింది. అమెరికా అంతర్యుద్ధం గెలిపించి, తర్వాత రెండుసార్లు అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ 1885 జూలై 23న కన్నుమూసిన ఇల్లు ఇదే. వ్యాపారంలో మోసపోయి చేతిలో డబ్బు లేదు, పైగా గొంతు క్యాన్సర్. భార్యాబిడ్డలకు ఆధారం మిగల్చాలని పట్టుబట్టి ఆత్మకథ పూర్తిచేశాడు. మాట పెగలకపోతే చీటీల మీద పెన్సిల్‌తో రాసి చూపించేవాడట.

పడుకోలేక, ఎదురెదురుగా వేసిన రెండు తోలు కుర్చీల్లోనే నిద్రపోయేవాడు. ఆ కుర్చీలు ఇంకా అక్కడే ఉన్నాయి. మా నాన్నగారు కూడా ఆఖర్న పడక్కుర్చీలోనే నిద్రపోయేవారు. నాకు కళ్లు చెమర్చాయి. గైడ్ ఏమాత్రం తొందరపెట్టలేదు, ఓపిగ్గా చెప్పాడు. టికెట్టుకు పెట్టిన ప్రతి డాలరూ సార్థకం.