ఎండాకాలం సైకిల్ రేసులు: కొండా, టీటీనా, క్రిటా, రోడ్ రేసా?

రోడ్ బైక్ కొన్నారు. హెబ్బాళ్ ఫ్లైఓవర్ దాటి దేవనహళ్ళి దాకా వెళ్ళి రావడం అలవాటైంది. ఇక ఈ ఎండాకాలం రేసులాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన మొదలైంది. బెంగళూరులో ఈ దశకు వచ్చిన తెలుగు అమ్మాయిలు ఇప్పుడు మన ఆఫీసుల్లోనే కనిపిస్తున్నారు. బీబీసీహెచ్ అని అందరూ పిలిచే బెంగళూరు బైసికల్ ఛాంపియన్‌షిప్స్ లాంటి సిరీస్‌లు చూస్తే ప్రధానంగా నాలుగు రకాల రేసులుంటాయి. కొండ ఎక్కే హిల్ క్లైంబ్, ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ (అందరూ టీటీ అంటారు), చిన్న చుట్టులో తిరిగే క్రిటీరియం (అందరూ క్రిట్ అంటారు), అందరూ ఒకేసారి బయలుదేరే రోడ్ రేసు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నాలుగూ ఆడలేం. వీటిలో ఏది మేలు?

మామూలుగా ఇచ్చే సలహా శరీరాన్ని బట్టి ఉంటుంది. సన్నగా ఉంటే కొండ, తొడల్లో బలముంటే టీటీ, చటుక్కున ఉరికే వేగముంటే క్రిట్. మగవాళ్ళ విభాగానికి ఈ లెక్క సరిపోతుంది. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ముందు అడగాల్సింది స్టార్ట్ లైన్ దగ్గర ఎంతమంది ఉంటారని. మగవాళ్ళు గుంపు కట్టేంత మంది ఎప్పుడూ ఉంటారు. ఆడవాళ్ళ విభాగం చాలాసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఆ సంఖ్యను బట్టి ఒకే పేరున్న రేసు రెండు వేర్వేరు ఆటలైపోతుంది.

రోడ్ రేసులో ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువ. ఈ ఆటంతా గాలి చుట్టూనే తిరుగుతుంది. ముందున్న సైకిల్ వెనక చక్రానికి దగ్గరగా ఉంటే మీరు పెట్టాల్సిన శక్తిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. పాతికమంది ఉంటే బలం తక్కువైనవాళ్ళు కూడా లోపల దాక్కుని చివరిదాకా వస్తారు. ఎవరు ఎప్పుడు అటాక్ చేస్తారు (అంటే ఒక్కసారిగా వేగం పెంచి గుంపును వదిలి దూకుతారు), ఎవరు వెంటపడతారు అన్న ఎత్తులన్నీ అక్కడే పుడతాయి. అదే ఆరుగురుంటే? మొదటి ఎక్కుడు దగ్గర బలమైన ఇద్దరు వెళ్ళిపోతారు, మిగతావాళ్ళు జాతరలో చెయ్యి వదిలిన పిల్లల్లా తలో చోటా మిగులుతారు. ఇక మిగిలిన నలభై కిలోమీటర్లూ మీరొక్కరే తొక్కాలి. పేరుకు రోడ్ రేసు, నిజానికి టీటీ. పైగా గుంపు రేసుల్లో ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకు వంగి పట్టుకునే కడ్డీలు) బిగించుకోనివ్వరు కాబట్టి టీటీకి ఉండే ఆ కాస్త సౌకర్యం కూడా ఉండదు.

వెనక నుంచి మగవాళ్ళ గుంపొకటి వచ్చి దాటుతున్నప్పుడు వాళ్ళ వెనక చేరాలనిపిస్తుంది. చేరకూడదు. వేరే విభాగం వాళ్ళ చక్రం పట్టుకోవడం, అంటే వాళ్ళ వెనక డ్రాఫ్టింగ్ చేయడం, చాలాచోట్ల నిషేధం, రేసును కనిపెట్టుకుని ఉండే మార్షల్ చూస్తే పేరు కొట్టేస్తారు. కళ్ళముందు నుంచి గుంపు వెళ్ళిపోతుంటే ఎడమవైపు జరిగి ఒంటరిగా తొక్కడం మనసుకు చాలా కష్టం.

అయినా ఒంటరిగా పోవడంలో ఎంత మహత్తు ఉందో టోక్యో ఒలింపిక్స్ చూపించింది. 2021 జూలైలో జరిగిన ఆ 137 కిలోమీటర్ల మహిళల రోడ్ రేసులో ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ మొదట్లోనే ముందుకు దూకింది. ఆమె గణితంలో డాక్టరేట్ చేసిన పరిశోధకురాలు. ఏ ప్రొఫెషనల్ జట్టుతోనూ ఆమెకు అప్పుడు కాంట్రాక్టు లేదు. దాదాపు నలభై కిలోమీటర్లు మిగిలి ఉండగా తోడున్న ఇద్దరినీ వదిలేసి ఒక్కతే వెళ్ళిపోయింది. ఒలింపిక్స్‌లో జట్టు నుంచి చెవిలో కబురందించే రేసు రేడియోలు ఉండవు. దాంతో వెనకున్నవాళ్ళకు లెక్క తప్పింది. రెండో స్థానంలో వచ్చిన డచ్ దిగ్గజం అన్నెమీక్ ఫాన్ ఫ్లూటెన్ తానే గెలిచాననుకుని చేతులెత్తింది. ఔత్సాహికులకు ఇంతకన్నా గొప్ప కథ దొరకదు. కానీ కీసెన్‌హోఫర్ అప్పటికే వరుసగా మూడేళ్ళు తన దేశపు టీటీ ఛాంపియన్. గుంపును ఏమార్చడం వెనక ఒంటరిగా గంటసేపు ఒకే శక్తితో తొక్కగల కాళ్ళున్నాయి. అంటే రోడ్ రేసు గెలిపించిన చదువు కూడా టీటీలోనే జరిగిందన్నమాట.

ఇక కొండ. బెంగళూరు సైక్లిస్టుకు కొండంటే నంది కొండే. శిఖరం 1,478 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద నుంచి ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు, సుమారు 450 మీటర్లు పైకి పోవాలి. చుట్టుపక్కల చిక్కబళ్ళాపురం వైపు టీ అంగళ్ళలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది కాబట్టి మనవాళ్ళకు అక్కడ పరాయితనం ఉండదు. ఇక్కడ వేగం గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి పెద్దగా అడ్డురాదు, చక్రం పట్టుకుని మిగుల్చుకునేదీ తక్కువే. పోరాటమంతా బరువుతో. అందుకే స్టార్ట్ లైన్‌లో ముగ్గురున్నా ముప్పై మంది ఉన్నా మీ సమయం మీదే.

కొంచెం లెక్క వేద్దాం. మనిషి, సైకిల్, బట్టలు కలిపి 66 కిలోలు, ఎక్కడానికి 35 నిమిషాలు అనుకుంటే, కిలో బరువు తగ్గితే దగ్గర దగ్గర అరనిమిషం మిగులుతుంది. అరనిమిషం కోసం లక్షలు పోసి కార్బన్ చక్రాలు కొనేవాళ్ళున్నారు. పెద్ద బాటిళ్ళు రెండూ నిండుగా పెట్టుకుని ఎక్కేవాళ్ళు కూడా వాళ్ళే. అవి కిలోన్నర! తెల్లవారుజామున అరగంట ఎక్కుడికి అరబాటిల్ చాలు. డబ్బు పెట్టాలంటే వెనక కాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) మీద పెట్టండి. ముందు 34 పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం 28కి బదులు 32 ఉంటే, గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్ల వేగంలో కాలు నిమిషానికి దాదాపు తొమ్మిది చుట్లు అదనంగా తిరుగుతుంది. మోకాళ్ళు బతుకుతాయి.

కొండ పిచ్చి పట్టినవాళ్ళకు ఒకటి గట్టిగా చెప్పాలి. బరువుతో పోరాటం అనగానే అమ్మాయిలు తిండి తగ్గించేస్తారు. ఉదయం మూడు గంటలు తొక్కి, ఇంటికొచ్చి రెండు ఇడ్లీలతో సరిపెడతారు. నెలసరి తప్పడం మొదలైతే అది ఫిట్‌నెస్ పెరిగిన గుర్తు అనుకోకండి. చాలాసార్లు శరీరానికి చాలినంత తిండి అందట్లేదని అర్థం. అలాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేసు వాయిదా వేయాలి. దీనికి ఎదురు వాదన లేదు.

ఇంకో సంగతి, నంది మీద ప్రమాదం ఎక్కడంలో ఉండదు, దిగడంలో ఉంటుంది. వారాంతంలో సూర్యోదయం చూడ్డానికి వచ్చే కార్లు, బైకులు, మలుపుల్లో కోతులు. రేసు అయిపోయాక ఒళ్ళు వదులైన స్థితిలో దిగుతాం. ఫోటోలూ అవీ కిందికొచ్చాక చూసుకోవచ్చు.

మా ఆఫీసులో హిందూపురం అమ్మాయి ఒకామె కొండ తప్ప ఇంకేదీ ఆడనంటుంది. "ముందెవరున్నా వెనకెవరున్నా నాకెందుకక్కా, నా కాళ్ళు నావే కదా" అని ఆమె మాట. "కాళ్ళు నీవేనమ్మా, రేసు ఆడటం మాత్రం పక్కన మనుషులుంటేనే వస్తుంది" అన్నాను. ఇద్దరం చెప్పిందీ నిజమే కాబట్టి ఆ వాదన తెగలేదు.

టీటీ గురించి చెప్పాల్సింది తక్కువ. అరనిమిషానికో నిమిషానికో ఒక్కొక్కరిని వదులుతారు, ఎవరి చక్రం ఎవరూ పట్టుకోకూడదు. సాధారణంగా చదునైన, తిన్నని రోడ్డు. ఇక్కడ గాలే శత్రువు, అది వేగంతో పాటు పెరగదు, విరుచుకుపడుతుంది. గంటకు 30 నుంచి 33కి వెళ్ళాలంటే గాలి మీద పెట్టే శక్తి మూడో వంతు పెరగాలి. అందుకే కాళ్ళ కన్నా ముందు వంగే పద్ధతి మార్చుకోవాలి. కొన్ని వేల రూపాయల ఏరో బార్లు బిగించి, ఆ భంగిమలో అరగంట ఉండగలిగేలా అలవాటు చేసుకుంటే అసలు లాభం అక్కడ వస్తుంది. లక్షల టీటీ బైక్ ఉన్నవాళ్ళూ మీ విభాగంలోనే ఉండొచ్చు. ఫలితాల పట్టికలో ఆ సంగతి రాయరు.

కొలతగా చూస్తే టీటీ కన్నా కొండే నమ్మకమైనది. ఎదురుగాలి ఉన్న రోజు టీటీ సమయం చూసుకుని ఏడవడంలో అర్థం లేదు, మార్చిలో వచ్చిన అంకెను జూన్‌ అంకెతో పోల్చలేం. నైరుతి గాలులు మొదలయ్యాక దేవనహళ్ళి వైపు బయలు రోడ్డు మీద తొక్కినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చెన్నై నుంచి వచ్చే స్నేహితులతో పోల్చుకోవడం ఇంకా కష్టం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటంతో ఇక్కడి గాలి కాస్త పలచన, వేగానికి అది కలిసొస్తుంది. అక్కడ సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) చదునుగా ఉన్నా, ఏప్రిల్ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఎండాకాలం రేసులకు ఆ రెండు ఊళ్ళలో ఏది మేలని అడిగితే నేను ఆలోచించకుండా బెంగళూరంటాను.

క్రిట్ అంటే చాలామంది అమ్మాయిలు భయపడతారు. కిలోమీటరో రెండో ఉండే చుట్టు, అరగంట, ముప్పావుగంట పాటు తిరగడం, ప్రతి మలుపు తర్వాతా లేచి నిలబడి తొక్కడం. ఒక చుట్టు వెనకబడితే మార్షల్ పక్కకు పంపేస్తాడు. పడిపోవడాలు కూడా ఇందులో ఎక్కువే, మోచేయి, తుంటి గీరుకుంటాయి. అయినా నా ఓటు దీనికి చాలా దగ్గరగా ఉంది. చుట్టు చిన్నది కాబట్టి దారి మూసేయడం తేలిక, వాహనాల భయం ఉండదు. రోడ్ రేసుల్లో ఔత్సాహికుల కోసం అంత పొడవునా దారి మూసేయడం అరుదు. ఐదుగురున్నా క్రిట్ క్రిట్‌లానే ఉంటుంది, ఎందుకంటే నిమిషానికో మలుపు, మలుపు మలుపుకూ నిర్ణయం. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, లోపలి వైపు పెడల్ పైకి ఉండాలి, బయటి కాలి మీద బరువు మోపాలి, చూపు మలుపు బయటికి పోయే చోట ఉండాలి. ఇవి చదివితే రావు. ఇంకో సుఖం కూడా ఉంది. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే కూర్చోబెట్టి చూపించదగ్గ రేసు ఇదొక్కటే. ప్రతి రెండు మూడు నిమిషాలకూ ఎదురుగా కనబడతాం కాబట్టి వాళ్ళకు టెన్షన్ కూడా తక్కువ.

ఆడవాళ్ళకు సంబంధించి నోటీసుల్లో రాయని సంగతి టాయిలెట్. తెల్లవారుజామున ఐదున్నరకు రిపోర్టింగ్ అంటారు, హైవే పక్కన స్టార్ట్. మగవాళ్ళు చెట్టు చాటుకు పోతారు. భుజాల మీదకు పట్టీలుండే బిబ్ షార్ట్స్ వేసుకున్న ఆడమనిషి జెర్సీ విప్పితే గానీ పని కాదు. దీనికి భయపడి నీళ్ళు తాగకుండా స్టార్ట్ లైన్‌కు వచ్చేవాళ్ళున్నారు, ఎండాకాలంలో అది రేసును అక్కడే ఓడించేస్తుంది. ఏదైనా ఆవరణలో జరిగే క్రిట్‌కు ఈ బాధ తక్కువ, టీటీకీ రోడ్ రేసుకూ ఎక్కువ. దారిలో తెరిచి ఉండే పెట్రోల్ బంకో హోటలో ముందురోజే చూసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటే నందికి 70 కిలోమీటర్ల పైనే దూరం, అంటే మూడున్నరకు లేవాలి. ఆ చీకట్లో ఒక్కరే సైకిల్ మీద పోవద్దు, కారు పంచుకోండి.

ఇంతకీ నేనైతే ఏది ఎంచుకుంటాను? మొదటి సీజన్‌కు కొండా, క్రిటూ. మార్చిలో ఒక హిల్ క్లైంబ్, మే చివర్లో మళ్ళీ అదే కొండ. మధ్యలో దొరికిన ప్రతి క్రిట్. కొండ మీకు కాళ్ళ సంగతి చెబుతుంది, క్రిట్ చేతుల సంగతీ కళ్ళ సంగతీ నేర్పుతుంది. ఉద్యోగం, పిల్లలతో వారానికి నాలుగైదు గంటలకు మించి తొక్కలేనివాళ్ళకూ ఈ రెండే నప్పుతాయి, ఎందుకంటే రెండూ గంటలోపు తేలిపోయేవి. టీటీ రెండో ఏడాదికి ఉంచండి, భంగిమ కుదిరాక. ఒంటరిగా తొక్కడమే ఇష్టమైతే మాత్రం ముందే వెళ్ళండి, ఎవరాపుతారు.

రోడ్ రేసుకు నా షరతు ఒకటే. ఫీజు కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి మూడు అడగండి: ఇప్పటిదాకా ఎంతమంది ఆడవాళ్ళు పేరిచ్చారు, మమ్మల్ని విడిగా వదులుతారా మగవాళ్ళతో కలిపి వదులుతారా, కలిపితే వాళ్ళ చక్రం పట్టుకోవచ్చా. పదిమంది దాటితే వెళ్ళండి. దాటకపోతే, మీకు తెలిసిన నలుగురికి ముందు ఫోన్ చేసి వాళ్ళచేత పేరిప్పించి, ఆ తర్వాత మీ ఫీజు కట్టండి.