మిడ్‌నైట్ మాస్: మాటలు ఎక్కువన్నారు, నేను ఆ మాటల కోసమే రెండోసారి చూశాను

రోజూ పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం డ్యూటీకి వెళ్తాను. స్టాఫ్ నర్సుని. మా ఇల్లు వశిష్ఠ గోదావరికి ఇవతల ఒక లంకలో. అందుకేనేమో, ఈ సిరీస్‌లో ఓ కుర్రాడు జైలు నుంచి విడుదలై పడవ దిగి ఊళ్లోకి నడిచొస్తుంటే, అతన్ని చూసిన మొహాలన్నీ నాకు తెలిసినవాళ్ల మొహాల్లాగే అనిపించాయి. చుట్టూ నీళ్లున్న ఊళ్లో ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా రేవులోనే తెలిసిపోతుంది. వచ్చినవాడు ఏం చేసి వెళ్లాడో కూడా అందరికీ గుర్తుంటుంది.

మిడ్‌నైట్ మాస్ అనే ఈ హారర్ సిరీస్ 2021 సెప్టెంబరు 24న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఏడు ఎపిసోడ్లు, ఒక్కోటి గంట అటూ ఇటూ. మైక్ ఫ్లానగన్ సృష్టి, ఏడింటికీ దర్శకుడు కూడా ఆయనే. పేరు వినగానే మనకి క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధన గుర్తొస్తుంది. ఇందులోది అది కాదు, ఈస్టరు ముందు రాత్రి జరిగే పూజ. మాది బ్రదరన్ సభ, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నర్సాపురం వచ్చి మొదలుపెట్టిన సభల్లోది. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమల కాలం, అది మొదలయ్యే విభూది బుధవారం మాకు అలవాటు లేదు. నాతో పనిచేసే ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. సిరీస్ చూసేముందు ఆ మాత్రం తెలిస్తే చాలు. ఎపిసోడ్ల పేర్లు మాత్రం బైబిలు చదివే ఎవరికైనా తెలిసినవే: ఆదికాండంతో మొదలై ప్రకటనతో ముగుస్తాయి.

కథ జరిగేది క్రాకెట్ ఐలాండ్ అనే కల్పిత ద్వీపంలో. ఊరి మొత్తం జనాభా 127. ఒకప్పుడు చేపలవేట మీద బతికిన ఊరు, సముద్రంలో చమురు ఒలికాక వేట దెబ్బతింది, కుర్రాళ్లు వెళ్లిపోయారు. ఈ ముక్క విన్నప్పుడు నాకు 1995 గుర్తొచ్చింది. ఆ జనవరిలో మా కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. అప్పుడు నేను ఆరో తరగతి. రాత్రిళ్లు మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తే ఈశాన్యం వైపు ఆకాశం ఎర్రగా ఉండేది, మా తాతయ్య దాన్ని చూస్తూ ప్రార్థన చేసేవాడు. క్రాకెట్ ఐలాండ్ చర్చిలో ఖాళీ బెంచీలు చూపించినప్పుడు, ఆ జనం దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అలాంటి ఊరికి కొత్త ఫాదర్ వస్తాడు. వచ్చాక అద్భుతాలు మొదలవుతాయి. ఇంతకంటే కథ చెప్పను.

విమర్శకుల్లో ఎక్కువమంది దీన్ని మెచ్చుకున్నారు. హారర్ నవలలు రాసే స్టీఫెన్ కింగ్ అంతటివాడు కూడా పొగిడాడు. ఫాదర్ పాల్‌గా వేసిన హేమిష్ లింక్‌లేటర్ నటన గురించి దాదాపు ఒకే మాట. తప్పుపట్టినవాళ్లది కూడా ఒకే మాట: పాత్రలు నిమిషాల తరబడి మాట్లాడుతూనే ఉంటాయి, భయపెట్టాల్సిన కథకి ఇన్ని ఉపన్యాసాలేంటి అని. ఆ రెండో మాటతో నేను ఏకీభవించలేను.

నైట్ డ్యూటీ చేసినవాళ్లకి తెలుస్తుంది. రాత్రి రెండింటికి వార్డులో పేషెంటు నిద్రపోతాడు, పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషికి నిద్ర రాదు. అప్పుడు మొదలవుతాయి మాటలు. రెండేళ్ల కిందట ఒక పెద్దాయన, భార్యకి సెలైన్ ఎక్కుతుంటే, గోదాట్లో పోయిన కొడుకు గురించి తెల్లారేదాకా చెప్పాడు. "ఎందుకు తీసుకెళ్లాడమ్మా, ఈత వచ్చినోడే" అని ఒకటే మాట మళ్లీ మళ్లీ. నేను బాటిల్ మార్చాను, బీపీ చూశాను, ఆయన మాట ఆగలేదు. చావు దగ్గర, దేవుడి దగ్గర మనుషులు పొట్టి డైలాగులు కొట్టరు. అందుకే నాలుగో ఎపిసోడ్‌లో జైలు నుంచి వచ్చిన ఆ కుర్రాడు రైలీ, ఊరి టీచరమ్మ ఎరిన్ సోఫాలో కూర్చుని మనిషి పోయాక ఏమవుతుందని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటుంటే, నాకు అది సాగదీతలా అనిపించలేదు. కెమెరా కూడా కదలకుండా వాళ్ల ఎదురుగా కూర్చుని వింటున్నట్టు ఉంటుంది.

వీటన్నిటికంటే గొప్పవి రైలీ, ఫాదర్ పాల్ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చునే సీన్లు. తాగి కారు నడిపి ఒక అమ్మాయి ప్రాణం తీసినవాడు రైలీ. నమ్మకం పోయింది. తాగుడు మానేవాళ్ల మీటింగుకి రావాలి కాబట్టి వస్తాడు. మొదట్లో మీటింగులో ఉండేది వాళ్లిద్దరే. బాధ కూడా దేవుడిచ్చిన వరమే అనుకోవడం వల్లే జనం ఎదుటివాడి బాధని చూస్తూ ఊరుకుంటారని రైలీ వాదిస్తాడు. ఫాదర్‌కి కోపం రాదు. వింటాడు, ఆలోచిస్తాడు, తను నమ్మింది నెమ్మదిగా చెప్తాడు. ఇద్దరిలో ఎవర్నీ బుద్ధిలేనివాడిగా చూపించలేదు. ఫ్లానగన్ చిన్నప్పుడు చర్చిలో పూజ దగ్గర ఫాదర్‌కి సాయంచేసే పిల్లాడు, పెద్దయ్యాక తాగుడు మానుకున్నవాడు. రెండు కుర్చీల్లోనూ ఆయనే కూర్చుని రాసుకున్నాడనిపిస్తుంది.

ఇప్పుడు మా పిన్ని సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సిరీస్ నేను రెండోసారి చూసింది ఆవిడతోనే.

పిన్నికి సుగరు పన్నెండేళ్లుగా ఉంది. కొన్నాళ్ల కిందట పక్క మండలంలో ఒక స్వస్థత కూటానికి వెళ్లింది. ఎవరిదో, ఎక్కడో పేరు చెప్పను. అక్కడ తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారట, స్టేజీ మీద మైకిచ్చి సాక్ష్యం చెప్పించారట. "ఇంక మాత్రలు మింగితే అవిశ్వాసం" అన్నారట. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. నెలన్నర తర్వాత ఎడమ కాలికి పుండు, జ్వరం. నేను వెళ్లి వేలికి సూది గుచ్చి చూస్తే మీటరు మీద 478. మాత్రలు ఎక్కడున్నాయి పిన్నీ అంటే మాట్లాడదు. దిండు పక్కన ఉన్న బైబిలు తీశాను. కీర్తనల గ్రంథం దగ్గర మెట్‌ఫార్మిన్ షీటు పెట్టి ఉంది. పది మాత్రలూ ఉన్నాయి, వెనక రేకు ఎక్కడా చిట్లలేదు. అది పేజీలో ఎన్నాళ్లుగా ఉందో, కాగితం మీద మాత్రల గుండ్రాలు రెండు వరసల్లో అచ్చుపడ్డాయి.

రెండు వేళ్లు తీసేశారు. పిన్ని ఇప్పుడు మాత్రలు వేసుకుంటుంది, ఆదివారం సభకి కూడా వెళ్తుంది. నేనూ వెళ్తాను. ఆ సాక్ష్యం చెప్పించినవాళ్ల మీద నా కోపం ఇంకా పోలేదు.

అందుకే రెండో ఎపిసోడ్ చివరి సీను మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. లీజా అనే అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంటుంది. ఫాదర్ ప్రసాదం చేత్తో పట్టుకుని, ఆ పిల్ల దగ్గరికి వెళ్లకుండా వెనక్కి జరిగి, నువ్వే లేచి రా అంటాడు. చర్చిలో ఉన్నవాళ్లకి ఒళ్లు మండుతుంది. నాకూ మండింది, పిన్ని కాలే కనిపించింది. ఆ పిల్ల లేచింది. అప్పుడు నాకు కలిగింది ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నమ్మబుద్ధయింది, భయమేసింది, ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం మాత్రం లోపల అలాగే ఉంది. ఈ మూడూ ఒకేసారి కలిగించిన సీను నేను ఇంకెక్కడా చూడలేదు.

పిన్నికి ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని నేను చెప్తుంటే చూసింది. లీజా నడిచినప్పుడు ఏమీ అనలేదు. తర్వాత లీజా, తన వెన్నులోకి తూటా దింపిన తాగుబోతు జో కాలీ ఇంటికి వెళ్తుంది. నువ్వు నా దగ్గర్నుంచి ఏమేం లాక్కున్నావో విను అని ఒక్కొక్కటీ చెప్తుంది, ఎంత ద్వేషించిందో చెప్తుంది, చివరికి క్షమిస్తున్నానంటుంది. జో మొహం నలిగిపోతుంది. అక్కడ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ ముక్క మళ్లీ వెయ్యమ్మా" అంది. వేశాను. ఆ సీన్లో దెయ్యం లేదు, నెత్తురు లేదు, ఉన్నవన్నీ మాటలే.

బెవ్ కీన్ పాత్ర గురించి చెప్పకపోతే అన్యాయం. సమంతా స్లోయన్ వేసింది. చర్చి పెత్తనమంతా ఈవిడదే. గొంతు పెంచదు, ప్రతి పనికీ ఒక వాక్యం అప్పజెప్తుంది. చమురు ఒలికినందుకు వచ్చిన నష్టపరిహారం డబ్బు జనం చేత చర్చికి ఇప్పించింది కూడా ఈవిడే. బడిలో పిల్లలకి బైబిళ్లు పంచితే ముస్లిం అయిన షెరీఫ్ హసన్ మర్యాదగా అభ్యంతరం చెప్పే సీను ఉంది. రాహుల్ కోహ్లి ఎంత ఓపికగా చేశాడో. అందరి మధ్యా ఒంటరిగా నిలబడి, ఎవర్నీ నొప్పించకుండా తన మాట చెప్పుకోవాల్సిన మనిషి ఎలా ఆచితూచి మాట్లాడతాడో అలాగే ఉంటుంది. ఈ సిరీస్ విశ్వాసానికి వ్యతిరేకం అన్నవాళ్లు బెవ్‌ని మాత్రమే చూసినట్టున్నారు. రైలీ తల్లి యానీని చూడాలి వాళ్లు. ఆవిడ విశ్వాసం చివరి ఎపిసోడ్‌లో ఎంత ధైర్యంగా బయటికొస్తుందో చూస్తే అలా అనరు.

నర్సుగా నాకు బాగా నచ్చింది డాక్టర్ సారా, అనబెత్ గిష్ వేసిన పాత్ర. యానీకి కళ్లజోడు అక్కర్లేకపోవడం, రైలీ తండ్రి నడుంనొప్పి తగ్గడం, మతిమరుపుతో మంచాన పడిన సారా తల్లి లేచి కూర్చోవడం, వీటిని ఆవిడ వెంటనే నమ్మదు, కొట్టిపారెయ్యదు. రక్తం తీసి చూస్తుంది. ఆ రక్తం ఎండ తగలగానే ఏమవుతుందో చూపించే చిన్న సీను మొత్తం సిరీస్‌లో నన్ను ఎక్కువ భయపెట్టింది.

లోపాలు లేవని కాదు. ముసలి పాత్రలకి వేసిన మేకప్ మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది, దాంతో ముందు రాబోయేది సగం ఊహించేయొచ్చు. మాటలు ఎక్కువన్న ఫిర్యాదు తప్పుగానీ, అందరూ ఒకేలా మాట్లాడతారన్న ఫిర్యాదు చేస్తే ఒప్పుకుంటాను. షెరీఫ్, టీచరమ్మ, జైలు నుంచి వచ్చినవాడు, అందరిదీ ఒకే చదువుకున్న గొంతు. జో కాలీ ఒక్కడే తన మాట తను మాట్లాడతాడు. కథలో ఉన్న ఒక రెక్కల జీవిని కూడా అవసరానికి మించి చూపించారు. చీకట్లో కళ్లు మాత్రమే కనిపించినంతసేపు ఉన్న భయం, మొత్తం బయటపడ్డాక లేదు. ఆరో ఎపిసోడ్ చివర్లో చర్చిలో జరిగేది చూడటం కష్టం. గుండె జబ్బున్నవాళ్లు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలి. వయసు పైబడినవాళ్లకి తోడు లేకుండా చూపించొద్దు.

రోజుకి ఒక ఎపిసోడ్ చొప్పున చూడండి. ఒకే రాత్రి ఏడూ చూస్తే ఆ మాటలు నిజంగానే బరువైపోతాయి. ఇంట్లో నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఇద్దరూ ఉంటే కలిసి చూడండి, మధ్యలో ఆపుకుని మాట్లాడుకోవచ్చు. మేం అలాగే చూశాం. విశ్వాసంతోనే జరిగిన తప్పు గురించి పిన్నీ నేనూ మొదటిసారి నోరు విప్పి మాట్లాడుకుంది మూడో ఎపిసోడ్ తర్వాతే. ఆ రోజు తనే ఆ కూటం పేరెత్తింది.

అయిదో ఎపిసోడ్ చివర్లో, తెల్లవారుజామున నీళ్ల మీద పడవలో జరిగేది చూశాక పిన్ని ఇంక వద్దంది. మిగతా రెండూ చూడలేదు. నిన్న సాయంత్రం మాత్రలు వేసుకుంటూ ఒక్కటి అడిగింది, "ఆ డాక్టరమ్మ బతుకుద్దా?" అని. నేను ఇంకా చెప్పలేదు.